పంపు ఆగేక కదిలిన అంకె

గుబ్బలవారిపాలెం,
వయా పి.గన్నవరం.
12-2-2004

మేనల్లుడు సుబ్రహ్మణ్యేశ్వరరావుకి మావయ్య త్రిమూర్తులు రాయునది.

నా కొడుక్కి కూడికలు రావన్నావు. ఆ మాట ఆరేళ్ళ నుంచి నా గొంతులో పులస ముల్లులా దిగబడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు.

ముత్యాలు పెద్దకర్మ రోజు మా పందిట్లో నీకు ఆకేసి, మీ అత్త ఏడుస్తూ గారెలు వడ్డిస్తుంటే నువ్వన్నావు. "మావయ్యా, ముత్యాలు మిషన్లో కూడిక తప్పు పెట్టేడండీ. అదంతా ఇప్పుడు నేను సరిచేసుకోవాలి" అని. బంతిలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. నిన్ను కన్న పాపానికి నా చెల్లెలు సూర్యకాంతం తల వంచుకుంది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, పెళ్ళి కాలేదు, నీతో పాటు నీళ్ళ మీటర్లు చేస్తూ మీ బాలానగర్ గదిలో ఉండగా పచ్చకామెర్లొచ్చి పోయేడు. వాడి పిండం ఇంకా గోదాట్లో కరగలేదు, నువ్వు వాడి లెక్కలు దిద్దేవు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. మళ్ళీ నీ గడప తొక్కలేదు.

ఇప్పుడు రాస్తున్నానంటే నీ మీద ప్రేమ పొంగి కాదు. నేను మూడో తరగతితో బడి మానేసినోణ్ణి. ఇందులో తప్పులుంటే నీ దగ్గరే ఉంచుకో. దిద్ది వెనక్కి పంపకు. నీకు దిద్దే అలవాటుందని తెలుసు.

విషయం ఏంటంటే, మన మంచినీళ్ళ చెరువు గట్టు మీద పంపుషెడ్డులో ముత్యాలు తన చేత్తో బిగించిన మీటరు ఉంది కదా. కాలవలోంచి పంపు తోడిన నీళ్ళన్నీ కూడుకుంటూ ఎర్రంకెల్లో చూపిస్తుంది. మొన్న పంపు ఆపరేటరు అంజిబాబు వచ్చేడు. "పెదనాన్నా, హైద్రాబాదు నుంచి కాగితం వచ్చిందండీ. మీటరు లోపలి చిప్పు పీకేసి కొత్తది వేస్తారంట" అన్నాడు. కింద సంతకం ఎవరిదిరా అన్నాను. నీది.

దాని జోలికి రాకు. ఎందుకో కూడా చెబుతాను, నవ్వుకుంటే నవ్వుకో. అంజిబాబు పంపు ఆపి, తాళం వేద్దామని వెనక్కి తిరిగేసరికి ఆ అంకె కదులుతుంది. నీళ్ళు లేవు, చప్పుడు లేదు, అది పెరుగుతుంది. ఊళ్ళో అందరూ చూసేరు. మన ఇళ్ళల్లో పెళ్ళి కాకుండా పోయినవాడు వీరుడవుతాడని నీకు తెలుసు. శుభకార్యానికి ముందు వాడికి సంబరం చెయ్యాలి. వాడు ఎవరో ఒకరి మీద పూని తనకేం కావాలో చెప్పాలి. జ్యేష్ఠంలో మా అమ్మాయి సత్యప్రియ పెళ్ళి. ఈ ఆరేళ్ళలో ముత్యాలు ఎవరి మీదా పలకలేదు. డప్పులు కొట్టించేం, సాంబ్రాణి వేయించేం, ఊహూ. మీ అత్త అమ్మాజీ ఏమంటుందంటే, "వాడు మన మీదకి రాడు. ఆ డబ్బాలో ఉన్నాడు. అక్కడ పలుకుతున్నాడు" అంటుంది. రోజూ దీపం పట్టుకుపోతుంది.

నేను దీపాలు పెట్టే రకం కాదు. అయినా చెబుతున్నాను, చెయ్యి వెయ్యకు.

త్రిమూర్తులు


బాలానగర్,
హైదరాబాదు.
1-3-2004

పూజ్యులు మావయ్య గారికి, సుబ్బు నమస్కారాలు.

మీ దగ్గర నుంచి ఉత్తరం అనగానే కవరు చింపడానికి భయమేసిందండీ. అమ్మకి చదివి వినిపించేను. "మా అన్నయ్య తిట్టేడంటే మనల్ని ఇంకా తనవాళ్ళే అనుకుంటున్నాడన్నమాట" అని నవ్వింది.

ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. సందర్భం చూసుకోలేదు.

మీటరు సంగతి కంగారు పడకండి. పాత చిప్పులు మార్చడం మామూలుగా జరిగేదే. అన్ని ఊళ్ళలో మారుస్తున్నాం. అంకె కదలడం వెనక కూడా ఏమీ లేదండీ. ఆ మీటర్లో ఉన్నది చాలా చిన్న చిప్పు. దానికి చిన్న చిన్న లెక్కలు కూడటమే వచ్చు. మధ్యలో దశాంశం చుక్క పెట్టి రాసే పెద్ద లెక్కలు కూడాలంటే దానికో వేరే భాగం ఉండాలి. అది ఖరీదు, మేం పెట్టలేదు. లేని భాగం ఉన్నట్టుగా ప్రోగ్రాం చేత నటింపజేస్తాం. ఆ ప్రోగ్రాం రాసింది ముత్యాలే. అందులో చిన్న లొసుగు వల్ల అంకె ఆలస్యంగా కదులుతుంది. అంతేనండీ. అత్తయ్యకి మీరే నెమ్మదిగా చెప్పండి, పాపం ఆవిడ దీపాలు పట్టుకుని గట్ల వెంట తిరగడం ఎందుకు.

మా మనిషి యాకోబు ఈ నెల మధ్యలో వస్తాడు. అరగంట పని. షెడ్డు తాళం ఇప్పిస్తే చాలు.

సత్యప్రియ పెళ్ళి ముహూర్తం తెలియజేయగలరు.

మీ
సుబ్బు


గుబ్బలవారిపాలెం,
20-3-2004

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివేను. చదవడానికి కష్టమై కాదు, నమ్మడానికి కష్టమై.

లేని భాగం ఉన్నట్టు నటింపజేస్తాం అని రాసేవు. పోయినోడు ఉన్నట్టు ఇంకోడి ఒంట్లోకి వచ్చి మాట్లాడితే మా ఊళ్ళో దాన్ని పూనకం అంటాం. నువ్వు బాలానగర్లో చేస్తే ఉద్యోగం, మీ అత్త గట్టు మీద నమ్మితే పిచ్చా?

నీ యాకోబు వచ్చేడు. మంచోడు. ఎండన పడి వచ్చేడని రెండు బొండాలు కొట్టించి ఇచ్చేను. రెండోది తాగేక నోరు తెరిచేడు. "ఏంటయ్యా యాకోబూ, ఒక్క చిప్పు కోసం హైద్రాబాదు నుంచి పరిగెత్తుకొచ్చేవు?" అన్నాను. "ఏం చెప్పమంటారండీ, మిగతా ఊళ్ళల్లో మీటర్లన్నీ ఆగిపోతున్నాయండి. నీళ్ళు పారతన్నాయి, అంకె గడ్డకట్టుకుపోతంది. మీ ఊరిదొక్కటే నడుస్తంది. దీన్ని జాగ్రత్తగా దూదిలో పెట్టి తెమ్మన్నారండి సారు" అన్నాడు.

చెడిపోయిందాన్ని దూదిలో పెట్టి ఎవడు తెమ్మంటాడ్రా?

తాళం ఇవ్వలేదు. యాకోబుని బస్సెక్కించి పంపేసేను. బుట్టెడు కొబ్బరికాయలు కూడా ఇచ్చేను, వాడికి. నీకు కాదు.

ఇంకోటి. యాకోబు వెళ్ళేక మిట్టమధ్యాహ్నం వేళ నేనే షెడ్డుకి పోయేను. అంజిబాబు అప్పుడే పంపు ఆపేడు. గొట్టంలో నీళ్ళు గుటకేసినట్టు చప్పుడై ఆగిపోయేయి. గట్టు మీద పురుగు కూడా లేదు. మీ అత్త గోడకి ఆనుకుని కూర్చుంది, కళ్ళు మూసుకుంది. నేను అంకె మీదే చూపు పెట్టేను. పెద్ద లెక్క నాకు చదవడం రాదు, ఆఖరి అంకె మాత్రం తెలుస్తుంది కదా. ఏడు. ఏడు. ఏడు. అంజిబాబు బీడీ ముట్టించుకున్నాడు. ఎనిమిది.

కళ్ళు తెరవకుండానే మీ అత్త అంది, "కదిలిందా?" అని.

నా ఒళ్ళు ఝల్లుమంది. చలికాలం తెల్లారగట్ల కాలవ నీళ్ళలో దిగినట్టు. దాన్ని నువ్వు లొసుగు అన్నావు. లొసుగు నా ఒంటి మీద వెంట్రుకలు లేపుతుందా? నిజం రాయి. ఈసారి అత్తయ్యకి నెమ్మదిగా చెప్పండి లాంటి తేనె పూయకు. ఆవిడకి నీకంటే ఎక్కువ తెలుసు.

త్రిమూర్తులు


హైదరాబాదు,
10-4-2004

మావయ్య గారికి,

మీరడిగినట్టే రాస్తున్నాను. యాకోబుని కోప్పడలేదండీ, మీరిచ్చిన కాయలు సగం మా అమ్మకే తెచ్చి ఇచ్చేడు.

ముందు కూడిక గురించి. మీకు ధాన్యం కొలతలు తెలుసు కాబట్టి అలాగే చెబుతాను. రెండు రాశులు కూడాలంటే రెండూ ఒకే కొలతలో ఉండాలి కదండీ. ఒకటి పుట్లలో ఉంటే, రెండోదాన్నీ పుట్లలోకి మార్చి దాని పక్కన నిలబెట్టాలి. మిషన్లో ఒక లెక్కకి ఇన్నే గళ్ళు అని ఉంటాయి. చిన్నదాన్ని పెద్దదాని కొలతకి తేవడానికి గడి గడికీ కుడివైపుకి జరుపుతాం. జరిపే కొద్దీ దాని చివరి అంకెలు గళ్ళు దాటి జారి పడిపోతాయి. మీటరు కొత్తలో ఫరవాలేదు. ఏళ్ళు గడిచి, తోడిన నీళ్ళు వేల పుట్లయ్యేక, పంపు ఈ క్షణం తోడిన గిద్దెడు దాని పక్కన నిలబడలేదు. మొత్తం జారిపోతుంది. మిషను కూడుతూనే ఉంటుంది. లెక్క మాత్రం పెరగదు. గిద్ద గిద్దా చేరి గోదారైనా, అది అలాగే కూర్చుంటుంది.

మిగతా ఊళ్ళలో జరిగింది అదేనండీ. ఆ కూడిక నాది.

ముత్యాలు అలా చెయ్యలేదు. జారిపోయినవాటిని పారబొయ్యకుండా పక్కన ఒక చిన్న గదిలో పోగేసేడు. అవి లెక్కలోకి వచ్చేంత అయినప్పుడల్లా పెద్ద మొత్తంలో కలిపేడు. పంపు ఆగేక, పని లేని సమయంలో, ఆ గది మళ్ళీ ఊడ్చి చూసి మిగిలిన కాస్తా కలుపుతాడు. మీరు చూసిన ఎనిమిది అదే. పంపు ఆగేక అంకె ఎందుకు కదులుతోందని నేను అప్పట్లో దాన్ని తప్పన్నాను. వాడిని అడుగుదామంటే ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత అడగడానికి లేడు. నేను నా పద్ధతిలో రాసి మిగతా మీటర్లన్నిటిలో పెట్టేను.

ఇప్పుడు వాడిలా రాద్దామని కూర్చుంటే నాకు రావడం లేదు మావయ్యా. ఆ చిప్పులో చోటు అగ్గిపెట్టెంత. కూడికే బొటాబొటీగా పడుతుంది. అందులోనే ఆ గది, ఆ ఊడ్చడం ఎలా ఇరికించేడో తెలియదు. వాడు పని చేసిన కంప్యూటరు డిస్కు ఎప్పుడో పాడైపోయింది. వాడు రాసింది ఈ లోకంలో ఒక్కచోటే ఉంది, మీ షెడ్డులో.

అది తీసి తెస్తే చదివి నకలు తీసుకుంటాను. దాచకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. బయటికి తీసిన క్షణం మీటర్లో అంకె పోయి సున్నా అవుతుంది. పాత చిప్పు కాబట్టి చదివేటప్పుడు పాడయ్యే ప్రమాదమూ ఉంది. జాగ్రత్తగానే చేస్తాను. అయితే మాట ఇవ్వలేను.

సంబరానికి నేను రాలేనండీ. పని ఒత్తిడి. అమ్మని పంపుతాను. చిప్పు యాకోబు చేతికి ఇస్తే చాలు.

సుబ్బు


గుబ్బలవారిపాలెం,
14-5-2004

సుబ్బూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రోజుకి నాలుగు ముక్కలు రాసి ఆపేస్తూ వచ్చేను, చేతికి తిమ్మిరి. మొన్నటిదాకా రాసింది చింపేసి మళ్ళీ మొదలెట్టేను. ఎందుకో కింద తెలుస్తుంది.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించేను. పుట్లు, గిద్దలు, జారిపోవడం, అన్నీ. బియ్యం ఏరుతూ వింది. గది దగ్గరికి వచ్చేసరికి చాట పక్కన పెట్టింది.

"పిడికిలి కుండ" అంది.

"ఏంటే?"

"ఆయ్, పిడికిలి కుండేనండీ. నేను ఎసట్లో పోసే ముందు రోజూ పిడికెడు తీసి కుండలో వేసేదాన్ని కాదూ? వాడు పొయ్యి దగ్గర కూర్చుని అడిగేవాడు, పిడికెడు తీస్తే అన్నం తగ్గదా అమ్మా అని. తగ్గినట్టు తెలీదురా, కుండ నిండితే మటుకు తెలుస్తుంది అనేదాన్ని. కుండ నిండేక వాడపల్లి గుడికి తీసుకెళ్ళి అన్నం వండించి పెట్టేవాళ్ళం. గింజ మిగలకుండా బోర్లించి తట్టడం వాడి పని. అడుగున అంటుకున్నవి గోటితో గీకేవాడు."

అదీ సంగతి. నువ్వు ఇన్నేళ్ళు లొసుగన్నది మా వంటింట్లో ఉట్టి కింద ఉంది. మీ అత్త చాటలో బియ్యం మళ్ళీ ఏరలేదు.

నేను అప్పుడే చిప్పు ఇచ్చేద్దాం అనుకున్నాను. ఒట్టు. వాడి కూడిక నాలుగు ఊళ్ళల్లో నడుస్తుంది, మంచిదే కదా. మీ అత్త ఇవ్వనివ్వలేదు. "సున్నా అవుద్దంట. వినలేదా? వాడు పోగేసిందంతా సున్నా అవుద్దంట. ఒకసారి చూసేను, నా వల్ల కాదు" అంది. ఆవిడకి ఎదురు చెప్పడం నాకు రాదు. ఊరంతటికీ చెబుతాను, ఆవిడకి చెప్పలేను.

అలా ఊగిసలాడుతుండగా ఏప్రిల్ నెలాఖరున కాలవలు కట్టేసేరు. ఏటా కట్టేస్తారు, నీకు తెలుసు. కాలవ అడుగున బురద పగిలి పెంకులై లేస్తోంది, పిల్లలు అందులో క్రికెట్టు ఆడుతున్నారు. ఆ రోజు నుంచి పంపు ఆడలేదు. అంజిబాబు దానికి గోనె కప్పి మామిడికాయల కోతకి పోతున్నాడు. మీటరు మాత్రం వెలుగుతోంది. ఆఖరి అంకె నాలుగు. కాలవ కట్టేసిన రోజున కూడా అది పంపు ఆగేక ఒకసారి కదిలింది, నీ లెక్క ప్రకారం గది ఊడ్చేసేడు. అప్పటి నుంచి నాలుగే. నేను రోజూ వెళ్ళి చూస్తున్నాను. పశువులు తోలుకెళ్ళే దారి కాబట్టి చూస్తున్నాను, వేరే ఏం కాదు.

నిన్న గురువారం. మీ అత్త వాడిని సంబరానికి పిలవడానికి వెళ్ళింది. వీరుణ్ణి ఇంటికి పిలిచేటప్పుడు కొత్త బట్ట పెట్టి పేరు పెట్టి పిలుస్తారు కదా. పంచె, కండువా, పళ్ళెంలో పిడికిలి కుండలోని బియ్యం. వాడు పోయేక ఆవిడ ఆ కుండ ముట్టలేదు, మళ్ళీ నీ ఉత్తరం విన్న రోజు నుంచి వేస్తోంది. నన్ను రమ్మనలేదు. నేనే వెళ్ళేను. అంజిబాబు తాళం తీసి గుమ్మంలో నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలడం లేదు.

మీ అత్త బట్ట మీటరు కింద బల్ల మీద పెట్టింది. బియ్యం పక్కన పోసింది. "ముత్యాలూ, చెల్లి పెళ్ళిరా. ఇంటికి రా నాన్నా" అంది. సంతకి వెళ్ళినోణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలిచింది. ఏడవలేదు.

నాలుగు అయిదైంది.

అంజిబాబు గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయేడు. వాడూ చూసేడు, నేనూ చూసేను. మీ అత్త చూడలేదు. ఆవిడ కళ్ళు బియ్యం మీదున్నాయి. నేను చెప్పేను, కదిలిందే అమ్మాజీ అని. "కదులుద్దని తెలుసు" అంది, అని కొంగుతో నా మొహం తుడిచింది. నా మొహం ఎందుకు తుడవాల్సొచ్చిందో నీకు అనవసరం.

మీ అత్తని ఇంటికి పంపి, నేను వెనక్కి వెళ్ళేను. ఇది నీకు రాయకూడదనుకున్నాను. వెళ్ళి నేనూ పిలిచేను. ఒరేయ్ ముత్యాలూ అని. ఒకసారి కాదు. అది కదల్లేదు. అయిదు అయిదుగానే ఉంది. వాడు బతికున్నప్పుడు నేను వాణ్ణి ఒక్కసారైనా అన్నానికి పిలిచిన గుర్తు లేదు. మీ అత్తే పిలిచేది.

ఇప్పుడు చెబుతున్నాను విను.

వాడి చిప్పు ఇస్తాను. మీ అత్త ఒప్పుకుంది. "వాడు పలికేడు, ఇంటికి వస్తాడు, ఇంక ఆ డబ్బాలో ఉండడు" అంది. నాకు ఆ నమ్మకం లేదు, ఆవిడ ఒప్పుకుంది, అది చాలు. యాకోబు చేతికి ఇవ్వను. నువ్వు రావాలి. మే ముప్పై ఆదివారం సంబరం. ఆ చోటే పందిరేసి బంతి వేస్తాను, ఆ రోజు కూర్చున్నవాళ్ళనే పిలిచేను, పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు వస్తారు. నువ్వు ఆకు ముందు కూర్చుని ముత్యాలు కూడిక సరైందని చెప్పాలి. నసగకుండా చెప్పాలి. నీ అమ్మ పక్కనే ఉండాలి. తర్వాత నీ చేత్తో నువ్వే తీసుకో, దూదిలో పెట్టుకుంటావో గుండెల్లో పెట్టుకుంటావో నీ ఇష్టం. రాకపోతే, సంబరం ఊరేగి గోదాట్లో దిగేటప్పుడు వాడి పేర ఎత్తిన ఘటంతో పాటు ఆ చిప్పూ వదిలేస్తాను. నీ ఊళ్ళన్నీ గడ్డకట్టుకు కూర్చుంటాయి. నేను అన్నది చేస్తానని నీకు తెలుసు.

వస్తావో రావో నాకు ఈ నెల ఇరవై రెండు, శనివారం లోగా తెలియాలి. దాంతో పాటు ఇంకోదానికి జవాబు కావాలి. వంక పెట్టకుండా, చదువుకున్నవాడిలా ఆలోచించి రాయి. కాలవలో నీళ్ళు లేవు. పంపు మీద గోనె ఉంది. మిగిలిందంతా వాడు అప్పుడే ఊడ్చి కలిపేసేడని నువ్వే రాసేవు, ఆ గది ఖాళీ.

మరి నిన్న మీ అత్త పిలిచినప్పుడు వాడు ఏం కలిపేడు?

శనివారం పోస్టు మధ్యాహ్నం వస్తుంది. గుమ్మంలో కూర్చుని ఉంటాను.

త్రిమూర్తులు